ఎర్రగడ్డల కాటాకు టైప్-సి బెజ్జం

తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా నేను మైదుకూరు పరిధికి బదిలీ అయి వచ్చింది 2023 మొదట్లో. ఆలూరులో మొదలుపెట్టి కర్నూలు, కడప జిల్లాల్లో సర్వీసంతా తిరిగిన నాకు అదే ఆఖరు పోస్టింగు. మా ఉద్యోగం గురించి చాలామందికి తెలియదు. అంగళ్లలో వాడే ప్రతి కాటానూ ప్రామాణిక బాట్లతో పరీక్షించి, సరిగ్గా ఉంటే దానికి సన్నని తీగ చుట్టి సీసపు బిళ్ల బిగించి ముద్ర వేయడం మా పని. ఆ బిళ్లను సీలు అంటాం. సీలు తెగిందంటే ఎవరో కాటా లోపల చెయ్యి పెట్టారని అర్థం. అలాంటి కాటాతో వ్యాపారం చేయడం నేరం. లైసెన్సు ఉన్న రిపేరరు తప్ప మరొకరు దాన్ని విప్పకూడదు.

ఈ కారణంగా ఏ ఊళ్లోనూ మాకు ఆదరణ ఉండదు. నా జీపు సంత వీధి మొదట్లో కనిపించగానే వీధి చివరి అంగడి దాకా షట్టర్లు సగానికి దిగేవి. జనం నా పేరు ఏనాడూ అడగలేదు. నేను వారికి 'కాటా సారు'ను.

చేరిన కొద్ది వారాలకే కడపలో ఉన్న మా పై అధికారి నుంచి ఒక పని వచ్చింది. ఫోన్లు, ట్యాబ్‌లు వంటి వాటికి కంపెనీకొక రకం చార్జరు కాకుండా అన్నింటికీ టైప్-సి అనే ఒకే రకం చార్జింగు పోర్టు ఉండాలన్న నిబంధనను ప్రభుత్వం దశలవారీగా తేబోతున్నదని అప్పట్లో పేపర్లలో వస్తున్నది. ఇంట్లో పాత చార్జర్లు గుట్టలుగా పేరుకోకూడదన్నది దాని ఉద్దేశం. వినియోగదారుల సంగతులు కూడా మా శాఖకు సంబంధించినవే కనుక, ఈ విషయమై ఒక అవగాహన సదస్సు పెట్టమన్నారు. తనిఖీ లేదు, కేసులు లేవు, ముద్రలు లేవు. నా సర్వీసులో ఎవరినీ భయపెట్టనక్కరలేని పని ఇదొక్కటే అనుకొని సంతోషించాను.

సదస్సు గురించి ఊళ్లో చెప్పించడానికి ఆటోకు మైకు కట్టుకొని తిరిగే ఖాదర్ బాషాను పిలిపించాను. సినిమా మారినా, చీరల అంగడి తెరిచినా, మేక తప్పిపోయినా మైదుకూరుకు చెప్పేది అతడే. నేను నాలుగు వాక్యాలు రాసి ఇచ్చాను. 'రాబోయే రోజుల్లో అమ్మకానికి వచ్చే మొబైల్ ఫోన్లకు, ట్యాబ్‌లకు ఒకే రకం చార్జింగ్ పోర్టు ఉంటుంది. దీనిపై తూనికలు కొలతల శాఖ సదస్సు నిర్వహిస్తున్నది' అన్నది వాటి సారాంశం. కాగితం అతడి చేతికిచ్చి నేను కమలాపురం వెళ్లాను. అక్కడి ఇన్‌స్పెక్టరు సెలవులో ఉండడంతో పెట్రోలు బంకుల తనిఖీ నా మీద పడింది.

నేను రాసిన వాక్యాలు ఖాదర్ బాషాకు నచ్చలేదట. తరువాత తనే చెప్పాడు: "మీరు రాసిన దాంట్లో బెదిరింపే లేదు గదా సార్. ఎవరింటారు? అందుకే కొంచెం కారం ఏసినా."

అతడు కారం వేసిన ప్రకటన ఊరంతా ఇలా వినిపించింది: "చార్జింగు పెట్టే ప్రతి వస్తువుకూ ఇకమీదట ఒకే బెజ్జం, టైప్-సి బెజ్జం ఉండవలెను! లేనిచో తూనికలు కొలతల శాఖ వారు కఠిన చర్యలు తీసుకొందురు!"

ఇప్పుడు ఏ అంగట్లో చూసినా ఉండేది ఎలక్ట్రానిక్ కాటానే. దానికి లోపల బ్యాటరీ ఉంటుంది. రాత్రి చార్జింగు పెట్టి పగలు వాడతారు. ఆ చార్జరు పిన్ను గుండ్రంగా ఉంటుంది. ఫోన్ల నిబంధనకూ ఈ కాటాలకూ ఏ సంబంధమూ లేదు. కానీ చార్జింగు పెట్టే వస్తువు, తూనికల శాఖ, కఠిన చర్యలు అనే మూడు ముక్కలు ఒకే ఊపిరిలో వినబడితే మైదుకూరు వ్యాపారికి గుర్తొచ్చేది కాటా తప్ప మరొకటి కాదు.

సదస్సు రోజున హాలులో కుర్చీలు చాలావరకు ఖాళీ. వచ్చినవారిలో వ్యాపారి ఒక్కడూ లేడు. ఒక పెద్దాయన గొర్రెల బొచ్చు కత్తిరించే మిషను తెచ్చి దానికి బెజ్జం యాడ వేయించాలని అడిగాడు. ఒకామె దోమల బ్యాటు తెచ్చింది. చర్చి నుంచి వచ్చిన దేవదానం అనే పాస్టరుగారు, ప్రసంగం మధ్యలో ఆగిపోయే తమ చేతి మైకుకు ఈ నిబంధన వల్ల ఏమైనా మేలు జరుగుతుందా అని మర్యాదగా అడిగారు. జరగదని అంతే మర్యాదగా చెప్పాను. ఇది కొత్తగా తయారయ్యే ఫోన్ల వంటి వాటికేనని, పాతవాటికి ఏమీ చేయనక్కరలేదని అందరికీ వివరించి, సదస్సు ప్రశాంతంగా ముగిసిందని కడపకు రిపోర్టు పంపాను.

వ్యాపారులు రాకపోవడానికి కారణం, ఆ సమయానికి వారంతా బస్టాండు పక్కన ఓబులేసు అంగడి ముందు వరుసలో నిలబడి ఉండడం. ఓబులేసు ఫోన్లు బాగుచేసేవాడు. ఆ పనిలో ఉండే కుర్రవాళ్లలాంటివాడు కాదు, మధ్యవయసు మనిషి, వేలికి రెండు ఉంగరాలు. ప్రకటన విన్న సాయంత్రానికే 'ఇచ్చట కాటాలకు టైప్-సి బెజ్జము వేయబడును' అని అట్ట మీద రాసి తగిలించాడు. సీలు తీగను కటింగ్ ప్లయరుతో కత్తిరించి, కాటా విప్పి, పక్కన రంధ్రం కోసి, పాత ఫోన్ల నుంచి తీసిన పోర్టు అతికించి ఇచ్చేవాడు. చార్జింగు సరిగా ఎక్కుతుందా లేదా అన్నది అతడి పూచీ కాదు. బెజ్జం ఉంటే చాలునన్నది అందరి అవగాహన. నేను పెట్టింది కూడా అవగాహన సదస్సే కనుక ఆ మాట వాడుతున్నాను.

ఇదంతా నాకు తెలియదు. ఆ నెల చివరలో ఎర్రగడ్డలు మార్కెట్టుకు రావడం మొదలైంది. మా వైపు ఉల్లిగడ్డను ఎర్రగడ్డ అంటారు. వారం పది రోజులకు ఒక ఉదయం సుబ్బారెడ్డి అనే ఎర్రగడ్డల మండీ యజమాని ఫోను చేశాడు. ఆయనది పెద్ద సేద్యం ఉన్న కుటుంబం. సేద్యం తమ్ముళ్లకు వదిలి తాను వ్యాపారంలోకి దిగాడు.

"సారూ, రైతులు నన్ను మోసం చేస్తాండారు," అన్నాడు.

తూకంలో వ్యాపారి మోసం చేశాడని రైతులు చెప్పగా వినడం నాకు అలవాటే. రైతులు మోసం చేస్తున్నారని వ్యాపారి చెప్పడం సర్వీసులో అదే మొదటిసారి. ఎట్లా అని అడిగాను.

"అదే తెలీల్యా సారూ. నా మండీలో తూచిన సరుకు లారీకి ఎత్తి, లారీ కాటా కాడికి పోతే తగ్గిపోతాండాది. కాటా నాది, తూచేది నా మనిషి, నష్టం గూడా నాదే. దానికి తోడు పొద్దస్తమానం ఫోన్లు. ఎత్తేలోపల పెట్టేస్తాండారు. పిచ్చి లేస్తాండాది సారూ."

ఫోన్ల సంగతి మా శాఖ పరిధిలోనిది కాదని చెప్పి, తూకం సంగతి చూడడానికి బాట్ల పెట్టె జీపులో వేసుకొని బయలుదేరాను.

ఆకాశం మబ్బు పట్టి ఉంది. మండీ ముందు ఎర్రగడ్డల ట్రాక్టర్లు బారుగా నిలబడి ఉన్నాయి. తడిసిన ఎర్రగడ్డ రెండు రోజుల్లో నల్లబడి కుళ్లుతుంది. దాన్ని ఎవరూ కొనరు. అందుకే రైతులు మాటిమాటికీ తల పైకెత్తి చూస్తున్నారు. ఆశ్చర్యమేమిటంటే నా జీపు చూసి ఈసారి ఏ షట్టరూ దిగలేదు. పైగా ఎదురంగడి శెట్టి నవ్వుతూ తన కాటాను ఎత్తి పక్కకు తిప్పి నాకు చూపించాడు, బిడ్డకు కొత్త చొక్కా తొడిగి చూపించినట్లు. ఏం చూపిస్తున్నాడో నాకు అర్థం కాలేదు.

సుబ్బారెడ్డి మండీలో పెద్ద కాటా మీద ఒక గోతం ఉంది. కాటా పక్కన కొత్త రంధ్రం, అందులో నుంచి పొట్టి తీగ, ఆ తీగ చివర సుబ్బారెడ్డి ఫోను వేలాడుతున్నది. ఎలాగూ బెజ్జం వేయించాను కదా, ఫోను కూడా దానికే తగిలిస్తే చార్జింగు కలిసొస్తుందని ఆయన ఆలోచన. సీలు కోసం వెదికాను. తీగ లేదు, బిళ్ల లేదు.

"సీలు ఏదండీ రెడ్డిగారూ?" అన్నాను.

"ఓబులేసు తీసినాడు సారూ. మీరు సెప్పినట్లే బెజ్జం ఏయించినా. ఈ వీధిలో నాదే మొదటిది," అన్నాడు గర్వంగా.

జవాబు చెప్పేలోపల వేలాడుతున్న ఫోను మోగింది. యాభై ఒకటి చూపిస్తున్న కాటా అంకె ఎగిరి యాభై మూడున్నర దగ్గర నిలబడింది. తూకం వేసే మనిషి "యాభై మూడున్నర" అని అరిచి రాసుకున్నాడు. ఫోను ఆగింది. గోతం దించారు. మరో గోతం ఎక్కించారు. ఫోను మళ్లీ మోగింది. అంకె మళ్లీ ఎగిరింది.

కాటాకు సంబంధించిన ప్రతి మోసమూ చూశానని ఆనాటి దాకా అనుకునేవాడిని. తట్ట కింద అయస్కాంతం చూశాను, దారం కట్టి కాలి బొటనవేలితో లాగడం చూశాను. ఇది చూడలేదు. జరిగింది తరువాత తెలిసింది. ఎలక్ట్రానిక్ కాటా లోపల బరువును కనిపెట్టే భాగం చాలా సున్నితమైనది. బయటి సిగ్నళ్లు తగలకుండా దానికి రేకు తొడుగు ఉంటుంది. ఓబులేసు విప్పిన తరువాత ఆ రేకును అడ్డంగా ఉందని తిరిగి పెట్టలేదు. ఇంక ఫోను మోగినప్పుడల్లా కాటాకు ఒళ్లు తెలియకుండా పోయేది.

ఆ ఫోను చేస్తున్నదెవరా అని ముందున్న ట్రాక్టరు వెనక్కి నడిచి చూశాను. పక్క పల్లె నుంచి వచ్చిన మరియమ్మ అనే రైతు గట్టు మీద కూర్చున్నట్లు ట్రాక్టరు టైరు మీద కూర్చొని, చేతిలో ఫోను పట్టుకొని, కాటా మీదికి గోతం ఎక్కే సమయం కోసం చూస్తున్నది. ఎకరం నేల, భర్త, తను. దాచేందుకు ఆమె ఏ ప్రయత్నమూ చేయలేదు.

"ఏందమ్మా ఇది?" అన్నాను.

"మిస్డ్ కాల్ సార్."

"ఎందుకు చేస్తున్నావు?"

"పోయిన వారం రేటు అడుగుదామని చేసినా. గోతం మింద అంకె పెరిగినాది. నేనేం చేసేది సార్? దేవుడు సూపిచ్చినాడు, నేను సూసినా. మా సెల్లెలికి తప్ప ఎవరికీ సెప్పల్యా."

చెల్లెలికి చెప్పిందంటే పల్లె మొత్తానికి తెలుసునన్నమాట. వెనక ఉన్న ట్రాక్టర్ల మీద ప్రతి ఒక్కరి చేతిలోనూ ఫోను సిద్ధంగా ఉండడం అప్పుడు గమనించాను.

సుబ్బారెడ్డికి విషయం అర్థమయ్యేసరికి కొంతసేపు పట్టింది. అర్థమైన తరువాత ఊరుకోలేదు. "నా ఫోనుతోనే నన్ను ముంచినావు గదమ్మే మరియమ్మా! ఇన్ని రోజుల సొమ్ము వాపసు కట్టు," అని కేకలు వేశాడు.

ఆమె టైరు మీద నుంచి లేచింది. "కడతా రెడ్డన్నా. నువ్వు గోతానికి రెండు కేజీలు తరుగని తీస్తాండావే, మా నాయన కాలం నుంచి తీస్తాండారే, అది గూడా లెక్క కట్టు. యాది ఎక్కువైతే అది కట్టుకుందాం."

తరుగు అంటే మట్టి, కుళ్లు, గోతం బరువు అని పేరు చెప్పి వ్యాపారి ప్రతి గోతంలోనూ తీసేసే భాగం. రైతులంతా ఆమె పక్కన చేరారు. ఇద్దరూ తీర్పు కోసం నా వైపు తిరిగారు. తరుగు సంగతి మా చట్టంలో కొంత ఉంది. మిస్డ్ కాల్ సంగతి ఏ సెక్షనులోనూ లేదు.

నేను చేయవలసింది మాత్రం స్పష్టం. ఆ కాటాను వెంటనే వాడకం నుంచి తప్పించాను. వీధిలో మిగతా అంగళ్లు చూడబోతే ఒక్కొక్కరే నవ్వుతూ తమ బెజ్జాలు చూపించారు. ఎర్రగడ్డల మండీలు, కిరాణా అంగళ్లు, కోళ్ల అంగడి, చివరకు పాత ఇనుము అంగడి. వీధి మొత్తంలో సీలు ఉన్న కాటా ఒక్కటీ లేదు. చట్టప్రకారం ఆ క్షణాన ఆ వీధిలో ఎవరూ ఎవరికీ కిలో వంకాయలు కూడా తూచి అమ్మకూడదు. అదే మాట చెప్పాను. నవ్వులు ఆగిపోయాయి.

"మరి మా గడ్డలు, సార్?" అని మరియమ్మ అడిగింది. అప్పుడే ఆమె గొంతులో భయం విన్నాను. దూరంగా ఉరిమింది. సుబ్బారెడ్డి కూడా కేకలు మానేశాడు. ఆయన లారీ మధ్యాహ్నానికి బయలుదేరాలి. బండిని సరుకుతో సహా తూచే లారీ కాటా మీద ట్రాక్టర్లను తూయవచ్చు గానీ, ఒక్కో ట్రాక్టరులో నలుగురైదుగురి సరుకు కలిసి ఉంది. అలా తూస్తే ఎవరి సరుకు ఎంతో తేలదు. కడపలో ఉన్న లైసెన్సు రిపేరరుకు ఫోను చేస్తే మరునాడు గానీ రాలేనన్నాడు.

ఆ సమయంలో మరియమ్మ మొగుడు యేసురత్నం ముందుకు వచ్చి, "మా గుడిలో త్రాసు ఉండాది గదా," అన్నాడు.

కోత పండుగ రోజున ఆ పల్లె క్రైస్తవులు తమ పంటలో తొలి భాగం గుడికి తెచ్చి తూచి వేలం వేస్తారు. దానికోసం చర్చిలో పాతకాలపు పెద్ద ఇనుప త్రాసు, దుంగకు వేలాడదీసేది, బాట్లతో సహా ఉంది. ముద్ర సంగతి అడిగితే, పాస్టరు దేవదానంగారు ప్రతి తడవా గడువులోగా వేయిస్తారని యేసురత్నం చెప్పాడు. అడగకుండా తమంత తాము వచ్చి ముద్ర వేయించుకునేవారు నా పరిధిలో ఒకరున్నారని నాకు అప్పుడే తెలిసింది.

త్రాసు ట్రాక్టరులో వచ్చింది, దానితో పాస్టరుగారూ వచ్చారు. దాన్ని మండీ దూలానికి వేలాడదీసి, నా బాట్లతో సరిచూశాను. ముల్లు నిక్కచ్చిగా నిలబడింది. తూకం మొదలుపెట్టబోతుంటే సుబ్బారెడ్డి తరుగు సంగతి ఎత్తాడు, మరియమ్మ తిరగబడింది. దేవదానంగారు ఇద్దరి మధ్యకు వచ్చి, చేతి మైకు లేకపోయినా అందరికీ వినబడే గొంతుతో అన్నారు:

"ఈ త్రాసు గుడిది. దీని మింద తరుగు లేదు, ఫోనూ లేదు. ఎంతుంటే అంత. ఇష్టముంటే తూయించుకోండి, లేకుంటే నేను తీసకపోతా. వాన వస్తాండాది."

సుబ్బారెడ్డి ఆకాశం వైపు చూశాడు, లారీ వైపు చూశాడు. "కానీ, కానియ్యండి," అన్నాడు. మరియమ్మ ఫోను కొంగున ముడివేసుకుంది. పాత బాకీల సంగతి ఆ తరువాత ఇద్దరూ ఎన్నడూ ఎత్తలేదు.

త్రాసుతో తూకం నెమ్మదిగా సాగింది. హమాలీలు గోతం ఒక తట్టలోకి ఎత్తాలి, బాట్లు మరో తట్టలోకి ఎత్తాలి. ఊరంతా చూడడానికి వచ్చింది. మధ్యమధ్య సుబ్బారెడ్డి ఫోను మోగుతూనే ఉంది. దూరంగా ఉన్నవాళ్లకు సంగతి తెలియదు కాబట్టి వాళ్ల గోతం ఎక్కినప్పుడల్లా అలవాటుగా నొక్కుతూనే ఉన్నారు. ఒక ముసలాయన తన గోతానికి మూడుసార్లు చేసి, ముల్లు కదలకపోయేసరికి పక్కవాడితో బాధగా అన్నాడు: "ఈ కాటాకు సిగ్నల్ లేదప్పా."

ఆఖరి గోతాలు లారీలోకి ఎక్కి టార్పాలిను కప్పుతుండగా చినుకులు మొదలయ్యాయి. ఒక్క గడ్డ తడవలేదు.

మరునాడు ఓబులేసును పిలిపించాను. "మీరే గదా సార్ మైకులో సెప్పించినారు. నేను గవుర్మెంటుకు సాయం చేసినా," అన్నాడు. అతడికి నోటీసు ఇచ్చాను. కాటాలను కడప రిపేరరు వచ్చి విప్పి, రేకు తొడుగులు పెట్టి, బెజ్జాలు మూసి ఇచ్చాడు. మళ్లీ ఒక్కొక్కటే పరీక్షించి ముద్రలు వేయడానికి నాకు చాలా రోజులు పట్టింది. వ్యాపారులు చట్టప్రకారం అపరాధ రుసుము కట్టారు. సుబ్బారెడ్డి అందరికంటే ముందు కట్టి, ఇందులో కూడా తనదే మొదటిదని చెప్పుకున్నాడు.

పొరపాటు సరిదిద్దడానికి ఖాదర్ బాషాతో మరొక ప్రకటన చేయించాను. ఈసారి నేను రాసింది రాసినట్లు చదవాలని, కారం వేయకూడదని, ఆటో పక్కనే జీపులో తిరిగి మరీ విన్నాను. 'టైప్-సి బెజ్జం కాటాలకు వేయరాదు' అని అతడు అక్షరం తప్పకుండా చదివాడు. జనం మొదటి మాటా చివరి మాటా విన్నారు. మర్నాడు ఒక రిటైర్డు టీచరు కొత్త ఫోను పట్టుకొని ఆఫీసుకు వచ్చాడు. దాని చార్జింగు పోర్టును ఎం-సీల్‌తో నున్నగా పూడ్చి, ఆరిన తరువాత నల్ల రంగు కూడా వేసి ఉంది.

"టైప్-సి వేయకూడదన్నారు కదా సార్. నేను ముందే మూసేసినా. ఇప్పుడు చార్జింగు యాడ పెట్టల్ల?" అన్నాడు.

ఆయనను ఓబులేసు దగ్గరికే పంపవలసి వచ్చింది. ఊళ్లో ఆ పని తెలిసినవాడు అతడొక్కడే.

ఈ ఉదంతం వల్ల నేను నేర్చుకున్నది ఒక్కటి. ప్రభుత్వ నిబంధనను జనానికి చెప్పేటప్పుడు అది దేనికి వర్తిస్తుందో చెప్పడం రెండో పని. దేనికి వర్తించదో చెప్పడం మొదటి పని. ఎందుకంటే వినేవాడు మొదట వెదుక్కునేది తనకు భయపడవలసింది ఏమైనా ఉందా అని. అది తేలేదాకా తక్కిన మాటలు అతడి చెవికి ఎక్కవు. ఆ తరువాత విరమణ దాకా నా పేరు మీద వెలువడిన ప్రతి ప్రకటనా 'ఇది కాటాలకు వర్తించదు' అనే మొదలైంది. పొరపాటున ఒకసారి కాటాల ముద్ర గడువు ప్రకటన కూడా అలాగే మొదలైంది. ఆ ఏడాది ముద్రలకు ఎవరూ రాలేదు.